సాక్ష్యం ఆరిపోకూడదు

మానవజాతి ఊపిరితిత్తులను కాపాడే భారాన్ని 1979లో ఆదోనిలోని ఒక ఆస్పత్రి వరండా తన నెత్తిన వేసుకుంది. ‘పొగ నిషేధ ప్రాంతం’ అని తెలుగు, కన్నడ, ఉర్దూలలో బోర్డు పెట్టారు. (పొగకు ఏ భాష వచ్చో ఎవరూ విచారించలేదు.)

ఆ బోర్డు చూసి అందరికంటే సంతోషించింది హొళగుంద హనుమక్క. పత్తి మిల్లు దుమ్ములో ఇరవయ్యేళ్లు పనిచేసిన ఆమె భర్త బసప్ప అదే వరండాలో, ఊపిరి అందక మంచం మీద రొప్పుతున్నాడు. అందుకే పక్క మంచం రోగిని చూడటానికొచ్చిన తిమ్మన్న బీడీ ముట్టించగానే, ఆమె పొగ పర్యవేక్షకుడు లక్ష్మప్పను పిలుచుకొచ్చింది.

లక్ష్మప్ప బీడీని స్వాధీనం చేసుకున్నాడు. నాలుగో నిబంధన ప్రకారం సాక్ష్యాన్ని మండుతున్న స్థితిలోనే పైఅధికారికి చూపాలి. పైఅధికారి భీమసేనరావు ఎమ్మిగనూరులో ఉన్నారు. బస్సు దొరికితే సాయంత్రానికి వస్తారు. బీడీ సంగతి తెలిసిందే, పీల్చకపోతే ఆరిపోతుంది.

పుట్టి బుద్ధెరిగాక బీడీ ముట్టని లక్ష్మప్ప కళ్లు మూసుకుని పీల్చాడు.

“అట్ల కాదన్నా, గట్టిగా లాగు,” అని ముద్దాయి తిమ్మన్న ధైర్యం చెప్పాడు. అది అయిపోవస్తుంటే కట్టలోంచి ఇంకోటి తీసిచ్చాడు. (ఒకదానితో ఇంకోటి ముట్టిస్తే సాక్ష్యం మారినట్టు కాదని అనుబంధంలో ఉంది.)

“ఏమప్పా, నా మొగునికి పొగ పడదని సెప్తే నువ్వే తాగుతాండావే!” అంది హనుమక్క.

“తాగడం లేదక్కా, కాపాడతాండా.”

“ఆ కాపాడేదేదో బయటికి పోయి కాపాడుకో పోప్పా!”

“నేరం జరిగిన సోటు దాటగూడదక్కా. రూలు.”

బసప్ప దగ్గుతూ మంచం పట్టె పట్టుకున్నాడు. హనుమక్క కొంగుతో విసిరింది. పొగ మర్యాదగా పక్కకు జరిగి, మళ్లీ వచ్చింది.

రెండో కట్ట సగమయ్యేసరికి భీమసేనరావు వచ్చారు. నిప్పును దగ్గరగా పరీక్షించి తృప్తిపడ్డారు.

“బాగా కాపాడినావు లక్ష్మప్పా. ఆర్పేదానికి కర్నూలు నుంచి ఆర్డరు రావాల. అంతవరకు ఇట్లే ఉండనీ.”

“ఎన్ని దినాలు సామీ?” హనుమక్క అడిగింది.

“మూడు. నడుమ సెలవులొస్తే వారం.”

హనుమక్క మందుసీసా సంచిలో వేసుకుని, బసప్పను భుజానికి ఆనించుకుని, మెల్లగా మెట్లు దిగి ఊరి బస్సుకు వెళ్లిపోయింది.

భీమసేనరావు ఖాళీ మంచాన్ని ఒకసారి చూసి, నివేదికలో రాసుకున్నారు: ‘ఈ వరండాలో పొగ వల్ల బాధపడుతున్న రోగి ప్రస్తుతం ఒక్కరు కూడా లేరు.’