రెండో ఇల్లు

ఆ శుక్రవారం పొద్దున్న మోహన్‌కృష్ణ తన కాగితాన్ని నాలుగోసారి చదువుకున్నాడు. ఒడిశాలోని జేకేపూర్ కాగితం మిల్లులో ఇరవై మూడేళ్లు షిఫ్టు నడిపిన మనిషి. రాసిపెట్టుకోనిదే ఏ పనీ మొదలుపెట్టడు. గుజరాత్‌లో వాపి దగ్గర మరో మిల్లులో ఉద్యోగం కుదిరింది. సామాను చేరవేయడానికి జయపురంలోని ప్యాకర్లతో మాట్లాడుకున్నాడు. ఇంట్లో ఉన్న రెండువందల పద్నాలుగు వస్తువులకీ నంబర్లు వేసి జాబితా రాశాడు. లారీ తొమ్మిదికి రావాలి, రెండుకి కదలాలి, సాయంత్రం తానూ భార్య రామతులసీ రాయగడలో రైలెక్కాలి. రసం ఎన్నింటికి కాచాలో కూడా ఆ కాగితంలో ఉంది.

ఒక్కటే బెంగ, లారీవాళ్లు ఇల్లు పోల్చుకోలేరేమోనని. వాళ్ల వరసలో నాలుగే క్వార్టర్లు. గోడల మీది నంబర్లు వానలకి చెరిగిపోయాయి. అందుకని ప్యాకర్ల సూపర్‌వైజరు సౌమ్యరంజన్‌కి "వరసలో రెండో ఇల్లు" అని ఫోనులో మూడుసార్లు చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ముందురోజు సాయంత్రం, పొద్దుటి వేళ మెయిన్ గేటు దగ్గర డ్యూటీకి వెళ్లేవాళ్ల రద్దీ ఉంటుందని గుర్తొచ్చి, లారీని వెనకగేటునుంచి రమ్మని మెసేజి పెట్టాడు. వెనకగేటునుంచి లెక్కపెడితే రెండో ఇల్లు తనది కాదని, పక్కింటి మన్మథరావుదని ఆయనకి తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం లేకపోలేదు. ఆ ఇంటి వైపు ఆయన తిన్నగా చూసి ఆరేళ్లయింది. బాయిలరు సెక్షన్లో పనిచేసే మన్మథరావు ఒకప్పుడు రోజూ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని రెండిళ్ల మధ్య ఉన్న నడుమెత్తు గోడ దగ్గరకి వచ్చేవాడు. ఒకసారి డ్రిల్లింగ్ మెషీను అడిగి పట్టుకెళ్లాడు. తిరిగిచ్చేశానని అతనంటాడు, ఇవ్వలేదని ఈయనంటాడు. ఆఖరికి క్లబ్బులో పదిమంది ముందు మోహన్‌కృష్ణ నోరు జారి "దొంగ" అన్నాడు. మన్మథరావు లేచి వెళ్లిపోయాడు. ఆ తరవాత ఆ గోడ దగ్గర ఆడవాళ్లే నిలబడ్డారు.

లారీ వచ్చే వేళకి మోహన్‌కృష్ణ ఇంట్లో లేడు. క్వార్టరు ఖాళీ చేస్తున్నట్టు సంతకాలు చేయించుకోడానికి కాలనీ ఆఫీసుకి వెళ్లాడు. రామతులసి, వెళ్లేముందు మజ్జిగౌరమ్మకి దణ్ణం పెట్టుకొస్తానని, తొమ్మిదికల్లా వచ్చేస్తానని తాళం వేసి ఆటో ఎక్కింది. పక్కింట్లో మన్మథరావు డ్యూటీలో ఉన్నాడు. అతని భార్య గుణుపురంలో పుట్టింటికి వెళ్లింది. ఉన్నది అతని తల్లి సూర్యకాంతమ్మ ఒక్కర్తే. ఎనభైకి దగ్గరపడిన మనిషి, చెవులు సరిగా వినపడవు. ఆ రోజు కాలనీ తరఫున ఇంటికి రంగులేసేవాళ్లు వస్తారని, సామాను వాళ్లే జరుపుతారని కొడుకు చెవిలో అరిచి మరీ వెళ్లాడు. కాబట్టి నలుగురు మనుషులు గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టేసరికి ఆవిడ సంతోషించి, అన్నీ తీసుకోమని చెప్పి, అందరికీ టీ పెట్టి మరమరాలిచ్చింది.

పదింటికి మోహన్‌కృష్ణ ఫోను చేశాడు. పని జోరుగా సాగుతోందని, 'మా' టీ ఇచ్చారని సౌమ్యరంజన్ చెప్పాడు. ఒడియావాళ్లు ఇంటావిడని అలాగే పిలుస్తారు గనక, రామతులసి గుడినుంచి వచ్చేసిందనుకుని ఆయన నిశ్చింతపడ్డాడు. అయితే జాబితాకీ ఇంటికీ పొత్తు కుదరడం లేదని సౌమ్యరంజన్ మొరపెట్టుకున్నాడు. రెండు మంచాలుండాల్సిన చోట మూడున్నాయి, జాబితాలో లేని బియ్యం డ్రమ్ము ఉంది, కుట్టుమిషను ఉంది. తనకి తెలియకుండా భార్య ఏవేవో చేర్చిందని మోహన్‌కృష్ణకి ఒళ్లు మండింది.

"లిస్టు సంగతి నాను సూసుకుంతాను. ఇంట్లో కనపడిందల్లా ఎక్కించీ. ఏటీ వదలొద్దు," అన్నాడు.

సౌమ్యరంజన్ ఏదీ వదల్లేదు.

పదకొండున్నరకి రామతులసి ఫోను వచ్చింది. గుళ్లో జనం ఎక్కువగా ఉండి ఇప్పుడే దిగిందట. "ఏవండీ, లారీ అయితే వచ్చింది. మరి సూర్యకాంతమ్మగారి మంచం అందులో ఎందుకున్నాదండీ?" అని అడిగింది.

మోహన్‌కృష్ణ సంతకాలు వదిలేసి పరుగెత్తాడు. వెళ్లేసరికి పక్కింటి వరండాలో మిగిలిన ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీలో సూర్యకాంతమ్మ కూర్చుని ఉంది. ఆయన్ని చూసి, "రా బాబూ. పసుపు రంగెయ్యమన్నాను, బాగుంతాది కదా," అంది. ఆరేళ్ల తరవాత ఆ ఇంటివాళ్లు ఆయనతో అన్న మొదటి మాట అది. లోపల అసలైన రంగులవాళ్లు దిగిపోయారు. ఇంత శుభ్రంగా ఖాళీ చేసిపెట్టిన ఇల్లు వాళ్లు ఇంతకుముందు చూడలేదట. ఆ ఉత్సాహంలో మూడు గదులకీ మొదటి పూత మొదలెట్టేశారు. మూడు రోజులదాకా అందులో సామాను పెట్టడానికి లేదు.

రెండున్నరకి మన్మథరావు సైకిలు దిగాడు. లారీనీ, అందులో తన బీరువానీ, కుర్చీలో ఉన్న తల్లినీ వరసగా చూశాడు. అప్పుడు రామతులసి తన ఇంటి తలుపులు బార్లా తెరిచింది. లారీలో ఉన్నదంతా ఆ ఇంట్లోకి దిగింది. కాలనీవాళ్లంతా ఒకే కొట్లో కొనుక్కున్న బీరువాలు, బిందెలు, బకెట్లు. సాయంత్రానికి ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. రైలు తన వేళకి తను వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మగవాళ్లిద్దరూ సామాను విడదీయడానికి కూర్చున్నారు. మధ్యలో సౌమ్యరంజన్. "ఈ బకెట్టు ఆయనదేనేటో అడుగు," అని మోహన్‌కృష్ణ అనేవాడు. రెండడుగుల దూరంలో ఉన్న మన్మథరావు, "కాదని సెప్పు," అనేవాడు. తెలుగులో విన్నది తెలుగులోనే తిరిగి చెప్పడం సౌమ్యరంజన్‌కి కొత్త పని. అయినా ఓపిగ్గా మధ్యాహ్నందాకా చేశాడు.

తరవాత మోహన్‌కృష్ణ ఇంటి అటక దింపడం మొదలుపెట్టారు. ట్రంకుపెట్టె వెనకనుంచి చుట్టచుట్టిన పాత దోమతెర ఒకటి దిగింది. సౌమ్యరంజన్ దాన్ని విప్పాడు. లోపల డ్రిల్లింగ్ మెషీను. దాని వైరు చుట్టూ, మన్మథరావు ఇంట్లో పనిముట్లన్నిటికీ కట్టే ఎర్ర చీరపేలిక ముడి.

"సార్, ఇది లిస్టులో లేదు," అన్నాడు అతను. "రాయాలా?"

మోహన్‌కృష్ణకి అప్పుడు గుర్తొచ్చింది. నైటు షిఫ్టు చేసి పడుకున్న ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. నిద్రకళ్లతో ఏదో అందుకున్నాడు, చేతికందిన దోమతెరలో చుట్టి అటక మీదికి తోసేసి మళ్లీ పడుకున్నాడు. నిద్రలేచాక ఆ సంగతే మనసులో లేదు. ఆయన అక్కడే ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు.

మన్మథరావే జవాబు చెప్పాడు. "రాసీ బాబూ. ఆయనదే."

మోహన్‌కృష్ణ మెషీను ఒళ్లోకి తీసుకున్నాడు. "పదిమందిలో అన్నాను. తప్పయిపోనాది, మన్మథా."

మన్మథరావు దోమతెర మడతపెడుతూ, "మెషీను సంగతి నాను ఎప్పుడో ఒగ్గేసేను," అన్నాడు. "మా నాన్న పోయినప్పుడు నువ్వు గోడ దాటి రానేదు. అదే ఉండిపోనాది."

నిజమే. ఆ రోజు ఆయన కిటికీ తెర వెనక నిలబడి పాడె లేవడం చూశాడు. వెళ్లాలని చెప్పులు కూడా వేసుకున్నాడు. ముందు అతను వచ్చి క్షమించమని అడగాలి కదా అనుకుని, ఆ చెప్పులు విప్పేశాడు. అదిప్పుడు ఎవరితో చెప్పుకోవాలో తెలియక మన్మథరావుతోనే చెప్పాడు. మన్మథరావు విన్నాడు. ఫరవాలేదని అనలేదు. అయితే లేచి, వంటింట్లోకి వెళ్లి, రామతులసినడిగి రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చాడు.

గోడల తడి ఆరడానికి మరో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అందరూ ఒకే ఇంట్లో, మూటల మధ్య చాపల మీద గడిపారు. సూర్యకాంతమ్మ పసుపు గోడల్ని రోజుకి రెండుసార్లు చూసొచ్చేది. స్నేహితులిద్దరూ పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకోవడానికి ప్రయత్నించారు గాని, ఆరేళ్లలో జరిగినవి చాలా ఉన్నాయి, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. ఎక్కువగా బాయిలరు గురించే మాట్లాడుకున్నారు. సోమవారం మోహన్‌కృష్ణ సామానుతో లారీ కదిలింది, సాయంత్రం రాయగడ స్టేషనుకి మన్మథరావు వచ్చాడు. రైలు కదులుతుంటే కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, ప్లాట్‌ఫారం ఇంకా ఎంతో ఉండగానే ఆగిపోయాడు.

వాపిలో సామాను దింపుకున్న మూడో రోజున ప్యాకర్ల ఆఫీసునుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. సేవలు ఎలా ఉన్నాయి, వస్తువులేవైనా పగిలాయా, తమవాళ్లు వేళకి వచ్చారా అని అడిగింది. మోహన్‌కృష్ణ ఏవీ పగల్లేదని, మనుషులు చాలా మంచివాళ్లని చెప్పాడు.

"వేళకి మాత్రం రాలేదమ్మా. ఆరేళ్లు ఆలస్యమైపోయింది," అన్నాడు.

ఆ అమ్మాయి కంపెనీ తరఫున క్షమించమని అడిగి, ఆరు గంటలు అని రాసుకుంది.