యాభై మూడు గొంతుల అత్తగారు

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా అత్తగారిని కొత్త సభామందిరానికి తీసుకెళ్ళి, ఆవిడ పాటను అక్కడి స్పీకర్లలో ఒక్కసారి వినిపించి, పదింటికి ఆఫీసుకు వెళ్ళిపోవాలి.

కోడలి ఉద్యోగం పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేరు రాయడం. అత్తగారు ఒకప్పుడు సంగీతం టీచరు. గొంతుకు ఆపరేషనయ్యాక మూడేళ్ళుగా నోరు విప్పి పాడలేదు. ప్రారంభోత్సవానికి పాడమని మందిరం మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, "జనం ముందు నావల్ల కాదు, రికార్డు చేసిస్తా" అంది. పడగ్గదిలో బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య మైకు పెట్టి, చెవుల్లో తాళం వింటూ యాభై మూడు సార్లు పాడింది. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట గొంతు జీరబోయేది.

"ఇది తీసెయ్ అమ్మాయ్. ఎవరి చెవినా పడనీకు."

అలా చివరిది ఒక్కటి తప్ప అన్నీ కోడలు తీసేసింది. కానీ ఆమె సాఫ్ట్‌వేరులో తీసేసినది నిజంగా పోదు. 'వినిపించవద్దు' అన్న గుర్తుతో ఓ పక్కన ఉంటుంది. "జనం కోపంలో చెరిపేసి తర్వాత ఏడుస్తారు. ఫైలు బరువైతే అవనీ" అని ఆఫీసులో పోట్లాడి మరీ ఒప్పించింది. ఇంకోటి కూడా ఒప్పించింది. పాత వెర్షనులో కొత్త ఫైలు తెరిస్తే, అర్థంకాని గుర్తుల్ని వదిలేసి మిగతాదంతా వాయించాలి. "ఒక్క ముక్క తెలీలేదని పాటంతా ఆపేస్తామా?" రెండూ తెలివైన నిర్ణయాలే. ఆ రెండూ ఎన్నడూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు, అంతే.

మందిరంలో ఉన్నది పాత వెర్షను. 'వినిపించవద్దు' అన్న గుర్తు దానికి అర్థంకాదు.

మైకు ఆపరేటరు మీట నొక్కాడు. స్పీకర్లలో యాభై మూడు మంది ఒక్కసారిగా గొంతు సవరించుకున్నారు.

"పైకప్పు కూలుతోంది!" అంటూ ముందు వరసలోంచి మేనేజరు లేచి పరుగెత్తాడు. అది విని వాచ్‌మన్ తలుపులన్నీ బార్లా తెరిచాడు. ఏమైందోనని వీధిలో వెళ్ళేవాళ్ళు లోపలికి వచ్చారు. ఆపరేటరు కంగారులో శబ్దం తగ్గించబోయి పెంచాడు. సరిగ్గా అప్పుడే, పాడబోయేముందు మైకు దగ్గర కోడలితో అన్న మాటతో, అత్తగారి గొంతు ఒకటి మిగతావాటిని దాటుకుని ఖంగున మోగింది.

"ఆ మేనేజరు ఫోను చేస్తే చెవిలో డ్రిల్లు తిప్పినట్టుంటుందే అమ్మాయ్!"

మేనేజరు ఆగిపోయాడు. కోడలికి నేల చీలితే బావుండుననిపించింది. ఆపడానికి కంప్యూటరు వైపు ఉరికింది.

అంతలో పాట మొదలైంది.

ఆమె చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. యాభై మూడు గొంతులు, అన్నీ ఒకరివే, ఒకే తాళానికి లేచాయి. ఒకటి జీరబోయినచోట మిగతావి పట్టుకున్నాయి. ఇంకోటి ఊపిరి చాలక తెగినచోట ఆ స్వరం తెగలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ దాచుకున్న బీటలన్నిట్లోంచీ పాటే వస్తోంది. వీధి జనం చెప్పుల చప్పుడు కూడా చెయ్యలేదు. మేనేజరు మెట్ల మీదే కూలబడ్డాడు.

"ఎవరే వీళ్ళంతా?" అత్తగారు గుసగుసగా అడిగింది. "ఎంత బాగా పాడుతున్నారే!"

"మీరే, అత్తయ్యా. మీరు తీసెయ్యమన్నవన్నీ."

ఆవిడ చెంగుతో నోరు అదుముకుని చివరిదాకా వింది.

పాటయ్యాక మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. కోడలు గబగబా, "సారీ అండీ, కొత్త వెర్షను వేస్తే ఒక్క గొంతే వస్తుంది" అంది.

"వేశారంటే ఊరుకోను!" అన్నాడు మేనేజరు. "నా గొంతు సంగతి మా ఇంట్లోనూ అంటారు లెండి. ఇంతకీ ఈ బృందంలో ఎంతమంది?"

"ఆ యాభై మూడు గొంతులూ నావేనండీ" అంది అత్తగారు. "ప్రారంభోత్సవం రోజు నేనూ వస్తాను. వీళ్ళతో కలిసి అందరి ముందూ పాడతాను."

మేనేజరుకు 'యాభై మూడు', 'వీళ్ళతో కలిసి' అన్న మాటలే వినబడ్డాయి. ప్రారంభోత్సవం నాడు అత్తగారు ఒక్కతే వేదికెక్కి, స్పీకర్లలోని తన గొంతులతో కలిసి హాయిగా పాడి దిగేసరికి, తెర వెనక బృందం కోసం మేనేజరు తెప్పించిన యాభై మూడు టీలు చల్లారిపోతున్నాయి.