చిజురు గారి వేళ్లు, నుకుయి గారి సంఘం

జపాన్‌లోని ఫుకుయి పట్టణంలో గొడుగు పిడులు తయారుచేసే కంపెనీ మూడో అంతస్తులో, సకాగామి చిజురు అనే ఉద్యోగిని వేళ్లు అనుమతి లేకుండా కదులుతున్నట్టు ఏప్రిల్ నెలలో అధికారికంగా తేలింది.

ఆ వేళ్ల సంగతి చెప్పాలి. చిజురు ఆరో ఏట హత్సుయె టీచరమ్మ దగ్గర పూసల చట్రం మీద లెక్కలు నేర్చింది. కొన్నాళ్లకు చట్రం అక్కర్లేకపోయింది. పూసలు తలలోకి వెళ్లిపోయాయి, వేళ్లు మాత్రం గాలిలో వాటిని జరుపుతూ ఉండిపోయాయి. ఇప్పుడామెకు ముప్ఫై ఎనిమిదేళ్లు. జూన్ ఆఖరి శుక్రవారం దేశస్థాయి నోటిలెక్కల పోటీ. గొడుగు పిడుల ఫిర్యాదులకు రోజుకు నలభై క్షమాపణ ఉత్తరాలు రాసి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా సాధన చేసుకునేది. ఆ రెండు గంటలే ఆమెకు ఊపిరి.

సెక్షన్ హెడ్ నుకుయి గారు దయామయులు. సంగతి తెలియగానే లేచి నిలబడి ఉపన్యసించారు. "మన సెక్షన్‌లో ఇంతటి రత్నం ఉందని మనకే తెలియకపోయె! ఈవిడకు సాధనకు తీరిక దొరకాలి. అందుకని ఈ రోజే తీరిక పరిరక్షణ సంఘం వేస్తున్నాను. చిజురు గారితో కలిపి పదకొండు మందిమి. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కూర్చుందాం."

అందరూ చప్పట్లు కొట్టారు. చిజురు కూడా కొట్టింది. చేతిరాత బాగుంటుందని మినిట్స్ రాసే పని ఆమెకే ఇచ్చారు.

సంఘం ఊరికే కూర్చోలేదు. ఆమె ఒంటరిదనుకోకూడదని పొద్దున ఆఫీసులో చేసే వ్యాయామం తర్వాత సెక్షన్ మొత్తం రెండు నిమిషాలు గాలిలో వేళ్లు ఆడించాలని తీర్మానించింది. నుకుయి గారు ఏ లెక్కా లేకుండానే అందరికంటే వేగంగా ఆడించి ప్రశంసలందుకున్నారు. పోటీ రోజుకు ఆమె సెలవు కాగితం మీద సంతకాల బదులు తొమ్మిది మంది పేరు ముద్రలు పడాలి. చిన్నవాళ్ల ముద్ర పెద్దవాళ్ల ముద్ర వైపు వంగి, దండం పెడుతున్నట్టుండాలి గదా. చిజురు ముద్ర నిటారుగా పడిందని కాగితం రెండుసార్లు వెనక్కొచ్చింది.

ఒక ఆదివారం హత్సుయె టీచరమ్మ బజారులో పట్టుకుంది. "ఏమే పిల్లా, బతికే ఉన్నావా? సాధన చేస్తున్నావా?"

"సంఘం ఉందండీ టీచరమ్మా."

"ఏం సంఘమే?"

"నాకు తీరిక కల్పించే సంఘం."

"మరి తీరిక?"

"సంఘం అయ్యాకండీ."

టీచరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ముల్లంగి కట్ట చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

పోటీకి ముందురోజు నలభై ఆరో సమావేశం. సెలవు కాగితానికి ఎనిమిది ముద్రలు పడ్డాయి, నుకుయి గారిది మిగిలింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "పదకొండు మందిమి, రోజుకు రెండు గంటలు, నలభై ఆరు రోజులు. మొత్తం మన త్యాగం ఎంత..."

"వెయ్యీ పన్నెండు గంటలండీ," అంది చిజురు.

నుకుయి గారు నవ్వి కాలిక్యులేటర్ తీశారు. బొటనవేలు లావు కావడం చేత ఆరు బదులు తొమ్మిది నొక్కుకుంది. "వెయ్యీ డెబ్భై ఎనిమిది."

"అయ్యా, మళ్లీ ఒక్కసారి నొక్కి చూడండి."

"పాపం, పని ఒత్తిడి. చిన్న లెక్కలే తప్పిపోతున్నాయి," అన్నారాయన జాలిగా. "ఈ స్థితిలో పోటీకి పంపితే మనకు పాపం చుట్టుకుంటుంది. కాదు, మా లెక్కే తప్పంటారా, అయితే మినిట్స్‌లో అలాగే రాయండి." సెలవు కాగితం మెల్లగా సొరుగు వైపు జరిగింది.

చిజురు పుట్టి బుద్ధెరిగాక తప్పు జవాబు రాయలేదు. ఆ రోజు రాసింది. వెయ్యీ డెబ్భై ఎనిమిది. పక్కన తన ముద్ర ఎడమకు బాగా వంచి వేసింది. అంత అందంగా దండం పెట్టిన ముద్ర సెక్షన్ చరిత్రలోనే లేదని అందరూ మెచ్చుకున్నారు. తొమ్మిదో ముద్ర పడింది.

పోటీలో ఆమెకే మొదటి బహుమతి వచ్చింది. తిరిగొస్తూ ఆనవాయితీ ప్రకారం ఆఫీసులో అందరికీ మిఠాయి తెచ్చింది. ఇప్పుడు ఆ సెక్షన్ గోడ మీద ఆమె గెలిచిన కప్పు పక్కనే అద్దాల చట్రంలో బంగారు అక్షరాలున్నాయి: "1,078 గంటల సమష్టి కృషి ఫలితం." కొత్తగా చేరినవాళ్లు దాన్ని కంఠతా పట్టాలి. దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా చిజురు వేళ్లు అవంతట అవే కదిలి సరిచేసుకుంటాయి.

నుకుయి గారిని చూసి నవ్వుకున్నారు గదా, నవ్వండి. దేశంలోకెల్లా మొదటి బహుమతి కొట్టిన మనిషి నోటితో వెయ్యీ పన్నెండని చెప్పింది. మరి ఇందాకటి నుంచి మీ చెయ్యి ఫోనులో కాలిక్యులేటర్ మీదికి ఎందుకు పోతోందమ్మా?