తల నీళ్లలో ఉన్నవాడికి గుడ్ మార్నింగ్

సెలవులకు ఏ దీవికి వెళ్లాలో తేల్చుకోలేక ఫోను ముందేసుకుని కూర్చున్న మనిషికి మా సెయింట్ ఆల్బిన్ దీవి రేవులో విగ్రహం పెట్టాలి. తమాషాకి అనడం లేదు. మా దీవికి స్వాతంత్ర్యం తెచ్చిన పెద్దల పక్కనే పెట్టాలి. అక్కడ ఇంకొకరికి జాగా ఉంది, నేను చూసి వచ్చాను.

ఆయన చేసే పని చిన్నదా? కరీబియన్ సముద్రంలో ఉన్న దీవులన్నిటినీ వరసలో నిలబెడతాడు. ఎవరి ఇసుక తెల్లన, ఎవరి నీళ్లు తేట, ముఖానికి అద్దం కట్టుకుని నోట్లో గొట్టం పెట్టుకుని ఈదితే ఎక్కడ ఎక్కువ చేపలు కనబడతాయి, అన్నీ పోల్చి, సినిమాలకు రేటింగ్ ఇచ్చినట్టు ఒక్కో దీవికి ఇన్నేసి చుక్కలు వేస్తాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత శ్రద్ధ ఎవరూ చూపరు!

ఆయన పోల్చడం మొదలుపెట్టేదాకా మా సముద్రంలో లోపాలున్నాయని మాకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ అందులోనే మునుగుతున్నాం. ఒక్కరం కనిపెట్టలేకపోయాం. ఉప్పు ఎక్కువైందని మొదట రాసింది ఆయనే. మా పక్కనున్న పెటిట్ రోజ్ దీవిలో ఉప్పు సరిగ్గా సరిపోయిందట. పర్యాటక శాఖ వెంటనే కమిటీ వేసింది. సభ్యులు రెండు దీవుల నీళ్లూ రుచి చూశారు. నివేదిక ఇంకా రాలేదు. సభ్యులు లేచి తిరగగానే వస్తుంది.

కోళ్ల సంగతీ అంతే. మా పుంజులు తెల్లవారకముందే కూస్తున్నాయని ఒక చుక్క తగ్గించారు. పుంజులను లారీ ఎక్కించి కొండమీది ఊరికి పంపారు. ఇప్పుడు కొండమీద నిద్ర లేదు. అయితేనేం? కొండమీదికి సెలవులకు ఎవరూ రారు. అక్కడి నిద్రకు చుక్కలు లేవు.

ఎన్నికలు చూడండి. ఒకప్పుడు రోడ్డు, ఆసుపత్రి, కుళాయి అంటూ గొంతులు చించుకునేవాళ్లు. ఇప్పుడు రెండు పార్టీలదీ ఒకటే హామీ: మొదటి స్థానం! కుళాయిలో నీళ్లు ఏ రంగులో వస్తున్నాయని ఎవరూ అడగరు. సముద్రం ఏ రంగులో ఉందన్నదే చర్చ. ఇంత ఏకాభిప్రాయం ఇంకే దేశంలో ఉంది?

కిందటేడు మాకూ పెటిట్ రోజ్‌కూ చుక్కలు సమానమయ్యాయి. తేల్చడానికి మిస్టర్ గ్రాంథమ్ అనే ఆయన వచ్చాడు. దీవులను పోల్చి రాయడం ఆయన ఉద్యోగం. పెటిట్ రోజ్ చూసేశాడు. మా దగ్గర ఆయన ఈదవలసిన చోటు ఆన్స్ కోకో. అది మా జాలరుల రేవు.

ఆన్స్ కోకోలో అలివి వల కెప్టెన్ థియోఫిలస్ ఓగిస్త్‌ది. ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవలో వెళ్లి చేపల గుంపు చుట్టూ వల దింపి, రెండో తాడు కొస ఒడ్డుకు చేరుస్తాడు. ఒడ్డున తాడు లాగడానికి చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా. కెప్టెన్ శంఖం ఊదితే ఈదేవాళ్లు బయటికి వచ్చేయాలి. ఇది ఎక్కడా రాసిలేదు. రాయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

వానలు మొదలైనప్పటి నుంచీ వలలో ఏమీ పడలేదు. ఊరంతా ఓడలో వచ్చిన గడ్డకట్టిన కోడి తింటోంది. సరిగ్గా మిస్టర్ గ్రాంథమ్ నీళ్లలో దిగిన రోజు పొద్దునే జాక్ చేపల గుంపు రేవులోకి వచ్చింది. నీళ్లు నల్లబడ్డాయి. ఊరు ఊరంతా తాడు పట్టుకోవడానికి ఒడ్డుకు దిగింది.

కెప్టెన్ పడవలో నిలబడి శంఖం ఊదాడు. గుంపు నడిమధ్యలో బోర్లా తేలుతున్న మిస్టర్ గ్రాంథమ్ కదల్లేదు. సంగీతంతో స్వాగతం పలికారని తర్వాత రాసి, దానికొక చుక్క ఇచ్చాడు.

ఒడ్డున పర్యాటక శాఖ అధికారి జెర్మేన్ ప్రాస్పర్ ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఆమె పక్కన మిస్ యూలాలీ. ఆ రేవులో చేపలు వేయించి అమ్మేది ఈమే. బాణలిలో నూనె అప్పటికే కాగుతోంది.

“అమ్మాయ్ జెర్మేన్, ఆయన్ని బయటికి రమ్మని చెప్పు.”

“ఆంటీ, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడాయన్ని కదిలిస్తే మన చుక్కలు పోతాయి.”

“ఆహా! అయితే మీ ఆఫీసు నుంచి ఆ చుక్కలే పంపించు. పిండిలో ముంచి వేయిస్తా.”

కెప్టెన్ ఒక్క కేక వేస్తే సరిపోయేది కదా అని మీరు అడగవచ్చు. మీరు మా దీవివాళ్లు కారు. ఇక్కడ బస్సెక్కినా, కొట్లో అడుగుపెట్టినా, కాలు విరిగి ఆసుపత్రిలో పడినా ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి. ఎదుటివాడు తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే విషయం. చెప్పనివాడికి అగ్గిపెట్టె కూడా అమ్మరు. పైగా కెప్టెన్ చర్చిలో పెద్ద.

మిస్టర్ గ్రాంథమ్ గొట్టంలో నీళ్లు ఊదేయడానికి తల పైకెత్తాడు. కెప్టెన్ టోపీ తీశాడు.

“గుడ్ మార్నింగ్ సార్!”

జవాబు కోసం ఆగాడు. తల మళ్లీ మునిగింది.

“ఆగుతావేంటి కెప్టెన్? బయటికి రమ్మని కేకెయ్!” అన్నాడు తెడ్డు దగ్గరున్న బోస్కో.

“నేనేమన్నా మేకని తోలుతున్నానా? మనిషితో మాట్లాడుతున్నా.”

రెండోసారి తల లేచింది. “గుడ్ మార్నింగ్ సార్, కులాసాగా ఉన్నారా?” ఈసారి ఆయన బొటనవేలు ఎత్తి చూపించి మునిగాడు.

“అదిగో, జవాబు చెప్పాడు!” అన్నాడు బోస్కో.

“వేలు జవాబెట్లా అవుద్దిరా?” ఒడ్డు నుంచి మిస్ యూలాలీ కేకేసింది. “మా అమ్మ ముందు అట్లా వేలెత్తినోళ్లు ఆ వేలు ఇంటికి పట్టుకెళ్లినట్టు నేనైతే చూళ్లేదు.”

ఒడ్డంతా రెండుగా చీలిపోయింది. వేలు పలకరింపే అని కొందరు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి మినహాయింపు ఇవ్వాలని కొందరు. గొట్టం తీసి చెప్పొచ్చు కదా అని ఇంకొందరు. చర్చ చాలాసేపు మర్యాదగా సాగింది.

“వల వేసెయ్ కెప్టెన్! ఆయన్ని కూడా లాగేద్దాం. అందరికీ తలా కాస్త వస్తుంది,” అని తాడు దగ్గర నుంచి ఎవరో అరిచారు.

“నా వాటా నువ్వే తీసుకో,” అంది మిస్ యూలాలీ. “ఆ మనిషిలో ఎముకలే ఎక్కువ.”

కెప్టెన్ వల దింపలేదు. మనిషిని చుట్టి వల వేయకూడదు. ఆయన టోపీ చేత్తో పట్టుకుని తల లేచినప్పుడల్లా గుడ్ మార్నింగ్ చెబుతూనే ఉన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

“కెప్టెన్, పన్నెండు దాటింది,” అన్నాడు బోస్కో. “ఇంక గుడ్ మార్నింగ్ చెల్లదు.”

“నిజమే,” అన్నాడు కెప్టెన్. “మళ్లీ మొదటి నుంచి రావాలి.” గొంతు సవరించుకున్నాడు. ఆయన గుడ్ ఆఫ్టర్‌నూన్ అనేలోపు చేపల గుంపు ఒక్కసారిగా తిరిగింది. నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము పక్కగా బయటి సముద్రంలోకి వెళ్లిపోయింది. తాడు పట్టుకున్నవాళ్లు తాడు వదిలేశారు.

మిస్టర్ గ్రాంథమ్ అప్పుడు బయటికి వచ్చాడు. “ఇన్ని దీవులు తిరిగాను. ఒక్కచోట ఇన్ని చేపలు నేనెప్పుడూ చూడలేదు! అన్నీ ఎక్కడికి వెళ్లిపోయాయి?” అని అడిగాడు. గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పలేదు కాబట్టి ఎవరూ జవాబివ్వలేదు. స్థానికులు ప్రశాంత స్వభావులని రాసుకున్నాడు. ఇంకో చుక్క!

చేపలు ఎక్కడికి వెళ్లాయో మాకు సాయంత్రానికి తెలిసింది. పెటిట్ రోజ్ వాళ్లు పట్టుకున్నారు. ఆ వేళ వాళ్ల రేవులో ఎవరూ ఈదడం లేదు. మర్నాటి లాంచీలో అవే జాక్ చేపలు ఐసు పెట్టెల్లో మా దగ్గరికి అమ్మకానికి వచ్చాయి. మిస్ యూలాలీ ఒక పెట్టె కొని వేయించింది. మిస్టర్ గ్రాంథమ్ తిన్నాడు. స్థానిక చేప, అప్పుడే పట్టిన రుచి అని రాశాడు.

మేము గెలిచాం. మొదటి స్థానం మాదే, చేపలకు! మంత్రిగారు టపాసులు కాల్పించారు. పర్యాటక శాఖ ఆ వారమే బోర్డు పెట్టింది: ఆన్స్ కోకోలో ఇకపై వల వేయరాదు, ఇక్కడి చేపలు చూడడానికి మాత్రమే. కెప్టెన్‌ని మాత్రం ఎవరూ అవమానించలేదు. అతిథులు దిగినప్పుడల్లా పడవలో నిలబడి శంఖం ఊదమన్నారు. కొత్త టోపీ ఇస్తామన్నారు.

కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. గుడ్ మార్నింగ్ చెప్పి, మా ఆవిడ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడిగి, అప్పుడు కూర్చున్నాడు.

“పేపర్లో రాస్తావు కదా నాయనా. దీవులు పోల్చే ఆ పెద్దమనుషులకి ఒక మాట రాసిపెట్టు. పెటిట్ రోజ్ బాగుంటుందని.”

“పెటిట్ రోజ్‌నా? వాళ్లని మనం పొగడడమేంటి కెప్టెన్?”

“పొగుడు. మొహమాటపడకుండా పొగుడు. బోస్కో వాళ్లింట్లో మళ్లీ ఆ ఓడ కోడే వండుతున్నారు.”

కాబట్టి ఏ దీవికి వెళ్లాలో ఇంకా తేల్చుకోని పెద్దలారా, గుడ్ మార్నింగ్. పెటిట్ రోజ్‌కే వెళ్లండి. అక్కడి నీళ్లలో మీ కాలిగోళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఇసుక తెల్లన. ఉప్పు సమానం. మా దగ్గర దోమలున్నాయి, మిట్టపల్లాలున్నాయి, మాటకు ముందు పలకరించమని పీడించే జనం ఉన్నారు. మొదటి స్థానం న్యాయంగా వాళ్లకే చెందాలి. అది వాళ్ల చేతిలో పెట్టేదాకా ఈ దీవిలో దేశభక్తుడన్నవాడు నిద్రపోడు.

మాకు రెండో స్థానం చాలు. ఆ స్థానంలో ఉన్నవాళ్లు చేపలు పట్టుకుని తింటున్నారు.