మిషనుకు గార్డు

ఆ ఉదయం కూతురు అనుకున్నది ఒక్కటే. నాన్న లేవకముందే గిన్నెలో అన్నం సర్దుకుని, పిల్లిలా పనికి జారుకోవాలి. లేస్తే గుమ్మం దాకా వచ్చి "చేతులు జాగ్రత్తమ్మా" అంటాడు. ఆ మాట విన్న రోజున ఆమెకు మిషను కత్తి మరీ దగ్గరగా కనిపిస్తుంది.

అట్టపెట్టెల కార్ఖానాలో ఆమె కూర్చునే కోత మిషను దగ్గరే ఒకప్పుడు తండ్రి కూర్చునేవాడు. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు దానికి బలయ్యాక, ఆ పీట ఆమెకు ఆస్తిలా సంక్రమించింది. సాయంత్రం ఆమె ఇల్లు చేరగానే ఆయన మంచినీళ్ళు అడుగుతాడు. దాహమై కాదు, గ్లాసు అందించే చేతిని చూసుకోవడానికి.

ఆ ఉదయం ఆమె చెప్పులు తొడుక్కుంటుండగా సూపర్‌వైజరు మోపెడ్ దిగాడు. యజమానికి స్వయానా బావమరిది.

"మీ నాన్నని లేపమ్మా, అర్జంటు! ఇవాళ తనిఖీ అంట. కోత మిషనుకి గార్డు లేకపోతే కార్ఖానాకి తాళమేనని ఫోనొచ్చింది."

"మిషనుకి గార్డా? దాన్నెవరెత్తుకుపోతారండీ?"

"నేనూ అదే అడిగాను. అడగొద్దన్నాడు మా బావ. ఖాళీగా ఉన్న నమ్మకస్తుడు మీ నాన్నేగా!"

లోపల్నుంచి తండ్రి గొంతు వినిపించింది. "మిషను పక్కనే నిలబడాలా? రోజంతానా?"

"రోజంతా, రోజూ!"

"అంటే అమ్మాయి పక్కనే," అంటూ ఆయన బయటికి వచ్చాడు. ఆ ముఖం అంతగా వెలగడం కూతురు చూసి చాలా కాలమైంది.

పక్కవీధి బ్యాంకు వాచ్‌మన్ దగ్గర యూనిఫారం అరువు తెచ్చారు. అతనిది ఏనుగు ఒళ్ళు. ఆ చొక్కా తండ్రి మీద చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడింది. టోపీ కనుబొమలు దాటి దిగింది. సూపర్‌వైజరు ఆయన మెడలో ఈల కూడా వేసి, "ప్రమాదమనిపిస్తే ఊదు" అన్నాడు, మాటవరసకి.

తండ్రికి అది వేదవాక్కయింది. కార్ఖానాలో కూతురి చెయ్యి కత్తి వైపు కదిలిందంటే చాలు, ఈల మోగేది. ఈల మోగితే మోటారు ఆపేవారు. జిగురు పూసే అత్త బ్రష్షు నడుముకు ఆనించుకుని, "అన్నయ్యా, ఇలా ఊదితే నీకున్న నాలుగు పళ్ళూ రాలిపోతాయి!" అంది.

"పళ్ళు పోతే పోనీ చెల్లెమ్మా, వేళ్ళు ముఖ్యం."

కూతురు తల వంచుకుంది. "నాన్నా, అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ. నువ్వు చెయ్యి ఇవతలికి తియ్యి."

ఈసారి ఆమె అట్టముక్క కోసం కాస్త లోపలికి వంగింది. తండ్రి ఊపిరంతా ఈలలో పోశాడు. సరిగ్గా అప్పుడే బయట లారీ వెనక్కి వస్తోంది. అది తన క్లీనరు ఈలే అనుకుని డ్రైవరు ధైర్యంగా ఇంకాస్త వచ్చాడు. గోడ అదిరింది. గోడకు ఆనించిన ఖాళీ పెట్టెల వరుస కూలింది. అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టిన తనిఖీ అధికారి వాటి కింద మాయమయ్యాడు.

అందరూ కలిసి తవ్వితే కళ్ళజోడు ముందు దొరికింది, ఆయన తర్వాత దొరికాడు.

"మిషనుకి గార్డేదయ్యా?" అన్నాడు ఆయన దుమ్ము దులుపుకుంటూ.

"ఇడుగోనండి! పొద్దుట్నుంచీ రెప్ప వెయ్యలేదు," అన్నాడు యజమాని గర్వంగా.

తండ్రి నమస్కారం పెట్టాడు. అధికారి ఆ చేతినే చూశాడు. "వేళ్ళేవి?"

"పుట్టుకతోనే లేవండి," యజమాని అందుకున్నాడు.

"అవునండి," అన్నాడు తండ్రి వినయంగా. "ఈ మిషను పుట్టుకతోనే. వచ్చిన వారంలోనే తీసుకుంది."

అధికారి యజమాని వైపు తిరిగాడు.

"గార్డంటే మనిషి కాదయ్యా! కత్తికి అడ్డంగా ఉండే ఇనుప మూత. జల్లెడలా ఉంటుంది. మిషనుతో పాటే వచ్చుండాలే!"

అందరి కళ్ళూ మూలకు తిరిగాయి. అక్కడ అన్నం గిన్నెల మీద, పిల్లి ముట్టకుండా, ఇనుప బుట్ట బోర్లించి ఉంది. అదుంటే పని సాగదని మొదటి రోజే యజమాని పీకేయించాడు. కూతురు రోజూ మధ్యాహ్నం తన చేత్తోనే దాన్ని ఎత్తేది. వేళ్ళున్న ఆ వారం రోజులూ నాన్న కూడా ఎత్తే ఉంటాడని ఆమెకు అప్పుడు తోచింది.

దాన్ని మళ్ళీ మిషనుకి బిగించడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. తండ్రి మిగిలిన వేళ్ళలో ఒకటి చాచి బుట్ట కన్నంలోకి తోసి చూశాడు. దూరలేదు. మళ్ళీ తోశాడు. "ఇంతేనా!" అన్నాడు మెల్లగా.

అధికారి వెళ్ళగానే యజమాని చెయ్యి చాచాడు. "ఆ టోపీ ఇటివ్వు పెద్దాయనా. మిషనుకి గార్డొచ్చింది కదా, ఇక నువ్వెందుకు?"

తండ్రి టోపీ ఇచ్చాడు, ఈల ఇచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, "చేతులు జాగ్రత్తమ్మా" అన్నాడు అలవాటుగా.

మర్నాడు మధ్యాహ్నం కూతురి అన్నం పిల్లి తినిపోయింది.