రాంగోపాల్‌పేట్‌లో రబ్బరు బుష్షు

మర్నాడే డోరా పెళ్లి. అందుకే ఆ ఉదయం ఫొటోలు తీసే పీర్ మహమ్మద్ తన పాత కారు ముందు చక్రాల పని పట్టాలనుకున్నాడు. పక్కింటి లూకా తన కూతురు డోరాను ఆ కారులోనే చర్చికి తీసుకొస్తానని మగపెళ్లివారికి గొప్పగా చెప్పుకున్నాడు. కారేమో గుంత కనిపిస్తే చాలు, రోకలితో దంచినట్టు మోగేది. చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చేతి మొదట్లో రబ్బరు బుష్షులుంటాయి. అవి అరిగి పిప్పి అయిపోయాయి.

"కొత్తవి యాడా దొరకవా?" అని అడిగింది భార్య జాన్ బీ.

"ఇండియాతోని సరిహద్దులు మూసినప్పటి సంది బొంబాయి నుంచి మేకు సుత వస్తలేదు. పాత టైరు కోసి నేనే చేసిన. చూడు, ఎంత ముద్దుగున్నయో!"

జాన్ బీ చూసింది. అచ్చం మాడిపోయిన గారెల్లా ఉన్నాయి.

ఇండియా సైన్యం ఊళ్లోకి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. ఎవరు గట్టిగా తుమ్మినా కిటికీలు మూసుకుంటున్న రోజులు. పీర్ మహమ్మద్‌కు ఆ ధ్యాసే లేదు. వాకిట్లో కారును జాకీతో లేపి, కింద ఇటుకలు పేర్చి, ఒక ఇనుప చేతిని ఊడదీశాడు. పాత బుష్షు మాత్రం ఊడి రానంది. సుత్తి ఎత్తాడు. ధన్! ధన్! ధన్!

ఎదురుగా కంసాలి బ్రహ్మచారి ఆ చప్పుడుకు కొట్టు తలుపులు మూశాడు. బ్రహ్మచారే మూశాడంటే ఏదో ఉందని వీధి వీధంతా మూసేసింది.

దెబ్బలకు లొంగని బుష్షును కాల్చి తీద్దామని పీర్ మహమ్మద్ ఇనుప చేతిని బొగ్గుల కుంపటి మీద పెట్టాడు. రబ్బరు అంటుకుని నల్లటి పొగ మేడలు దాటి లేచింది. బోయిన్‌పల్లి నుంచి వస్తున్న కూరగాయల బండ్లు సగం దారిలోనే వెనక్కి తిరిగాయి. "రాంగోపాల్‌పేట్‌ల బాంబు పడ్డదట" అన్న మాట తిరుమలగిరి మిలిటరీ దండు చేరేసరికి, ఒక బాంబు కాస్తా పది బాంబులైంది.

"గీ కొత్త బుష్షులు వేడికి జెర మెత్తబడితే సులువుగ ఎక్కుతయి. అంటుకోకుండ చూస్తుండు" అని వాటిని కుంపటి పక్కన పెట్టి భార్యకు అప్పగించి, పీర్ మహమ్మద్ రెండో వైపు విప్పడానికి కారు కిందికి దూరాడు.

అంతలో మిలిటరీ జీపు వచ్చి ఆగింది. సుబేదారు, నలుగురు జవాన్లు దిగారు. కారు కింద నుంచి రెండు కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. బతికున్న మనిషా కాదా అని సుబేదారు ఒక కాలును బూటుతో కదిపి చూశాడు.

"బ్రహ్మచారీ, ఊకె నిలబడకు. ఆ సబ్బునీళ్ల గిన్నె ఇటియ్యి" అంది కారు కింది గొంతు.

సుబేదారు అప్రయత్నంగా గిన్నె అందించాడు. ఆ తర్వాత తానెవరో గుర్తొచ్చి, "బయటికి రా! అందరూ చేతులెత్తండి!" అని గోదావరి జిల్లా యాసలో గర్జించాడు.

పీర్ మహమ్మద్ మసి మొహంతో పాకి వచ్చి చేతులెత్తాడు. ఒక చేతిలో పెద్ద పానా అలాగే ఉంది. తుపాకులన్నీ అటు తిరిగాయి. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్తున్నారో అడిగే ధైర్యం ఎవరికీ లేని వారం అది.

"సాబ్, ఆ రబ్బరు..." అంది జాన్ బీ.

"కదలొద్దు!"

"కదలను గని, ఆ రబ్బరు..."

"మాట్లాడొద్దన్నానా!"

కుంపటి పక్కన కొత్త బుష్షులు ఒకదాని వెంట ఒకటి అంటుకున్నాయి.

అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. బ్రహ్మచారి చేతులెత్తుకునే వచ్చి తుపాకులకూ పీర్ మహమ్మద్‌కూ మధ్య నిలబడ్డాడు. "ఈయన మా పీర్ భాయ్, సాబ్. కారు బాగు చేస్తుండు. చప్పుడు వినంగనే బేకార్‌గ తలుపు మూసింది నేను." వెనకే లూకా వచ్చాడు. "నా బిడ్డ పెండ్లి కోసమే చేస్తుండు సార్. పట్టుకపోతే నన్ను సుత పట్టుకపోండ్రి."

సుబేదారు కారును, కుంపటిని, మనుషులను మార్చి మార్చి చూశాడు. "మరి బాంబు?"

జాన్ బీ పట్టుకారుతో కాలిన బుష్షును ఎత్తి చూపింది. "గిదే."

జవాన్లు తుపాకులు దించి పకపకా నవ్వారు. జాన్ బీ నవ్వలేదు. నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏందీ నవ్వుడు? చెప్తనే ఉన్న, వింటిరా? కొత్తవన్ని కాలిపాయె. రేపు పిల్ల చర్చికి ఎట్ల పోవాలె? నడిచి పోవాల్నా?"

పీర్ మహమ్మద్ ఇంకా చేతులు దించలేదు. తన నోరు పెగలని చోట ఈమె సుబేదారునే నిలదీస్తోంది! ఎన్నో ఏళ్లుగా ఎందరికో ఫొటోలు తీశాడు. ఇంత నిండుగా నిలబడ్డ మనిషిని మాత్రం కెమెరాలోంచి ఎన్నడూ చూడలేదు.

"తప్పు మాదేనమ్మా. ఇప్పుడు ఏం చెయ్యమంటారు?" అన్నాడు సుబేదారు, గొంతు తగ్గించి.

"మీకు బండి ఉంది గద?"

మర్నాడు బంతిపూల దండలు కట్టిన మిలిటరీ జీపు చర్చి ముందు ఆగింది. తుపాకుల జవాన్ల మధ్య నుంచి పెళ్లికూతురు దిగడం చూసిన మగపెళ్లివారు, ఆ పూట భోజనాల్లో ఒక్క లోపమూ ఎంచలేదు.