వేణ్ణీళ్ళలో స్ప్లింటు

ఆ ఉదయం బాలసుబ్రమణ్యం పెట్టుకున్న పని ఒక్కటే: పది గంటలకల్లా కొడుకు మోహన్‌ను చిత్తూరు ఆస్పత్రికి తీసుకుపోవడం. మామిడిచెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నాక మోహన్ వేళ్ళు మాట వినడం మానేశాయి. మణికట్టు మాత్రం లేస్తుంది. అది లేస్తే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. అప్పుడు బొటనవేలు పక్కకు జారకుండా ఆపితే పట్టు చిక్కుతుందని, థెరపిస్టు రెబెకా ప్లాస్టిక్ స్ప్లింటు ఒకటి చేసి తొడిగింది. నలభై రోజుల సాధన తర్వాత, ఈరోజు స్పూను పట్టుకుని చూపించాలి.

స్ప్లింటులో నలభై రోజుల చెమట వాసన కూడా ఉంది. అలాగే తీసుకుపోతే ఆ అమ్మాయి ఏమనుకుంటుందని, కొడుకు నిద్రలో ఉండగానే విప్పి, మరుగుతున్న నీళ్ళలో వేశాడు. గరిటెతో పైకి తీస్తే తడిసిన అప్పడంలా వేలాడింది.

గబగబా తన చేతికే చుట్టి అదిమాడు. అది చల్లారి గట్టిపడింది. ఆకారం వచ్చింది, చెయ్యే బయటికి రాలేదు.

"ఏమన్నా, నువ్వు తొడుక్కోనుండావు?" అంది పాలగిన్నెతో వచ్చిన పక్కింటి దేవకమ్మ.

"మెల్లింగా మాట్లాడమ్మా, వాడు లేస్తాడు! ముందు దీన్ని పీకు."

నూనె పోసినా రాలేదు. మళ్ళీ వేడినీళ్ళు పోస్తే చెయ్యి కాలింది గానీ, స్ప్లింటు ఊడింది. "మీ వోని చెయ్యి సన్నంది గదా" అంటూ దేవకమ్మ దాన్ని చపాతీ కర్రకు చుట్టి చల్లార్చింది.

"నాయనా, నా స్ప్లింటు యాడ?" లోపల్నుంచి మోహన్.

"సంచిలో ఉండాది లేరా. ఆడికి పోయినాక తొడుక్కుందువులే." కొడుకు ముఖం చూడలేక, అటు తిరిగి దాన్ని తువ్వాలులో చుట్టాడు.

ఆస్పత్రిలో రెబెకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంది పెద్దాయనా?"

"ఆటోలో ఎండ తగిలిందమ్మా..."

"ఎండకు చపాతీ పిండి గూడా అంటుకుంటాదా?"

బాలసుబ్రమణ్యం తల దించుకుని జరిగిందంతా చెప్పేశాడు. "వాని కష్టమంతా నేనే పాడు చేసినానమ్మా."

ఆమె కసరలేదు. "మేమూ వేణ్ణీళ్ళలోనే మెత్తన చేస్తాము. మరగబెట్టము, అంతే" అని, ఐదు నిమిషాల్లో దాన్ని మోహన్ చేతిమీదే మళ్ళీ మలిచింది. అతని ముందు ఉప్మా పెట్టి, చేతికి స్పూను అందించింది. మోహన్ మణికట్టు ఎత్తాడు. స్పూను నిలిచింది. ఒక్క రవ్వ రాలకుండా నోటికి చేరింది.

తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు. రెబెకా మాత్రం కళ్ళు చికిలించింది. "ఇది మొదటిసారి కాదే! ఎన్ని దినాలైంది నీకిది వచ్చి?"

"పది దినాలు." మోహన్ చెవులు ఎర్రబడ్డాయి. "నాయన అంగడికి పోయినప్పుడు తింటాండా."

"మరి మూడు పూటలా నా చేత తినిపించుకుంటివి గదరా!"

"అమ్మ పోయినాక నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడేది అప్పుడే గదా నాయనా."

తిరుగుదారిలో, ఆటోలో మాట్లాడింది డ్రైవరు ఒక్కడే.